లిఫ్ట్ ప్రయాణం: చట్టం, బాధ్యత, భద్రత

విషయక్రమం
1. పరిచయం
2. లిఫ్ట్ అంటే ఏమిటి?
3. చట్టం దృష్టిలో లిఫ్ట్
4. బీమా రక్షణ ఎవరికి ఉంటుంది?
5. ప్రయాణంలో భద్రత
6. ప్రమాదం జరిగినప్పుడు
7. సారాంశం
8. ముఖ్య పదాలు
9. మాదిరి ప్రశ్నలు

లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరవాత మీరు:
• లిఫ్ట్‌కూ కిరాయి ప్రయాణానికీ చట్టంలో ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ఏ వాహనంలో వెళ్తే ఏ బీమా రక్షణ ఉంటుందో గుర్తించగలుగుతారు.
• లిఫ్ట్ అడిగేవారు, ఇచ్చేవారు పాటించవలసిన జాగ్రత్తలను చెప్పగలుగుతారు.

1. పరిచయం

మీలో చాలామంది వ్యవసాయమో, ఉద్యోగమో, ఇంటిపనో చూసుకుంటూ చదువుతున్నవారే. సంపర్క తరగతులకూ పరీక్షలకూ ఊరు దాటి వెళ్ళక తప్పదు. బస్సు తప్పిపోయిన రోజున రోడ్డు మీద నిలబడి, వచ్చే బండికి చెయ్యి ఎత్తడం మీకు కొత్త కాదు. అయితే ఆ చెయ్యి ఎత్తడం వెనక ఉన్న చట్టాన్ని మనం ఎప్పుడూ చదువుకోలేదు.

పల్నాడు జిల్లాలోని బెల్లంకొండను ఉదాహరణగా తీసుకుందాం. గుంటూరు-నడికుడి రైలుమార్గంలో ఈ ఊరి పేరుతో స్టేషను ఉంది. సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ళ వెళ్ళే పెద్ద రోడ్డు మాత్రం ఊరికి ఎడంగా పోతుంది. ఆ రోడ్డు మీద బస్సు దిగినవారు ఊరు చేరాలన్నా, చుట్టుపక్కల పల్లెలవారు పెద్ద రోడ్డు ఎక్కాలన్నా మధ్యలో కొన్ని కిలోమీటర్ల దూరం ఉంటుంది. మన జిల్లాలలో లిఫ్ట్ అడగడం ఎక్కువగా ఈ కొద్ది కిలోమీటర్ల కోసమే. పాశ్చాత్య దేశాలలో యువకులు సరదాగా దేశం చుట్టిరావడానికి లిఫ్టులు అడుగుతూ ప్రయాణించారు. మన దగ్గర అది సరదా కాదు, అవసరం.

నేను డిగ్రీ చదివే రోజుల్లో పిడుగురాళ్ళ వైపు నుంచి వచ్చే సున్నపురాయి లారీలు ఎక్కి వెళ్ళేవాళ్ళం. క్యాబిన్‌లో చోటు లేకపోతే రాళ్ళ మీదే కూర్చునేవాళ్ళం. ఆ లారీ బోల్తాపడితే మా ఇంట్లోవాళ్ళు పరిహారం కోసం ఎవరిని అడగాలో మాలో ఒక్కరికీ తెలియదు. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ విషయం తెలిసినవారు తక్కువే. అందుకే ఈ పాఠం.

2. లిఫ్ట్ అంటే ఏమిటి?

తన పని మీద తాను వెళ్తున్న వాహనదారుడు, దారిలో అడిగినవారిని డబ్బు తీసుకోకుండా కొంతదూరం తీసుకువెళ్ళడమే లిఫ్ట్. ఇందులో రెండు లక్షణాలున్నాయి. ఒకటి, ప్రయాణం వాహనదారుడిదే. ఎక్కినవారి కోసం ప్రత్యేకంగా బయలుదేరింది కాదు. రెండు, ప్రతిఫలం లేదు. ఈ రెండింటిలో రెండోది చట్టానికి చాలా ముఖ్యం. షేర్ ఆటోలో తలా ఇంత అని ఇచ్చి వెళ్ళడం లిఫ్ట్ కాదు, అది కిరాయి ప్రయాణం.

కొన్ని దేశాలలో ప్రభుత్వమే లిఫ్ట్‌ను ఒక వ్యవస్థగా నడిపింది. పోలండ్‌లో 1950ల చివర మొదలైన పథకంలో ప్రయాణికులు కూపన్ల పుస్తకం కొనుక్కునేవారు. లిఫ్ట్ ఇచ్చిన డ్రైవరుకు దూరాన్నిబట్టి కూపన్లు ఇస్తే, వాటిని పోగుచేసుకున్న డ్రైవర్లకు బహుమతులు లభించేవి. క్యూబాలో రవాణా కొరత తీవ్రమైనప్పుడు పసుపురంగు దుస్తులు వేసుకున్న ఉద్యోగులు రోడ్డు మీద నిలబడి, ఖాళీగా వెళ్తున్న ప్రభుత్వ వాహనాలను ఆపి జనాన్ని ఎక్కించేవారు. మన దేశంలో అలాంటి ఏర్పాటు లేదు. ఎక్కేవారు, ఎక్కించుకునేవారు తమ బాధ్యత తామే తెలుసుకోవాలి.

3. చట్టం దృష్టిలో లిఫ్ట్

3.1 లిఫ్ట్ నేరమా?

మన దేశంలో రోడ్డు రవాణాకు ప్రధాన చట్టం మోటారు వాహనాల చట్టం, 1988. ఇది 1989 జూలై 1 నుంచి అమలులో ఉంది. 2019లో దీనికి పెద్ద సవరణ జరిగింది. డబ్బు తీసుకోకుండా సాటిమనిషిని బండి ఎక్కించుకోవడం నేరమని ఈ చట్టంలో ఎక్కడా లేదు. లిఫ్ట్ అడగడం నేరమనీ లేదు.

అయితే చట్టం అడిగే మొదటి ప్రశ్న, 'డబ్బు తీసుకున్నారా?' అన్నది. కిరాయి లేదా ప్రతిఫలం తీసుకుని ప్రయాణికులను చేరవేసే వాహనాన్ని సెక్షన్ 2 పబ్లిక్ సర్వీసు వాహనంగా నిర్వచించింది. అలాంటి వాహనానికి సెక్షన్ 66 ప్రకారం పర్మిట్ ఉండాలి. పర్మిట్ లేకుండా నడిపితే సెక్షన్ 192ఎ వర్తిస్తుంది. 2019 సవరణ తరవాత మొదటి తప్పుకే ఆరు నెలల వరకు జైలు, పది వేల రూపాయల జరిమానా పడవచ్చు. సొంత కారులో నలుగురిని ఎక్కించుకుని తలా వంద తీసుకునే వాహనదారుడు తెలియకుండానే ఈ సెక్షను కిందికి వస్తాడు.

డబ్బు తీసుకోనివారికీ ఒక్కొక్కప్పుడు చిక్కు రావచ్చు. 2018 జూన్‌లో ముంబై సమీపంలోని ఐరోలీలో ఒక కారు యజమాని జోరువానలో చిక్కుకున్న ముగ్గురు అపరిచితులకు లిఫ్ట్ ఇచ్చాడు. ట్రాఫిక్ పోలీసులు పర్మిట్ నిబంధన కింద కేసు రాశారు. న్యాయస్థానంలో జరిమానా కట్టాకగాని లైసెన్సు తిరిగి చేతికి రాలేదు. ఆ సంగతిని ఆయనే బయటపెట్టగా దేశమంతటా చర్చ జరిగింది. దీని నుంచి మనం గ్రహించవలసింది ఏమంటే, నిర్వచనం ప్రకారం ప్రతిఫలం లేనిచోట పర్మిట్ ప్రశ్న రాదు. కాని ప్రతిఫలం లేదన్న విషయాన్ని అక్కడికక్కడే చెప్పగలగాలి. పోలీసులు ఆపినప్పుడు ఇచ్చినవారూ ఎక్కినవారూ జరిగింది జరిగినట్లు ఒకే మాటగా చెప్పడం మంచిది. చలానా సరికాదనిపిస్తే రుసుము కట్టి సరిపెట్టుకోవాలన్న నిర్బంధం లేదు. న్యాయస్థానంలో వాదన వినిపించుకునే హక్కు ఉంది.

'పెట్రోలుకు ఓ యాభై ఉంచండి' అని ఇవ్వబోతే ఏం చెయ్యాలి? తీసుకోకపోవడమే క్షేమం. ప్రైవేటు వాహనాల బీమా పాలసీలో కిరాయికి లేదా ప్రతిఫలానికి వాడకూడదన్న షరతు ఉంటుంది. ఆ యాభై రూపాయల మీద వివాదం లేస్తే నష్టం యాభైతో ఆగదు.

3.2 బండి మీద ఎందరు?

ద్విచక్ర వాహనం నడిపేవారు వెనక ఒక్కరినే ఎక్కించుకోవాలని సెక్షన్ 128 చెబుతుంది. 'ఎలాగూ ఒకే దారి' అని ఇద్దరిని ఎక్కించుకుంటే సెక్షన్ 194సి ప్రకారం వెయ్యి రూపాయల జరిమానాతోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కలుగుతుంది. సెక్షన్ 129 ప్రకారం హెల్మెట్ నడిపేవారికే కాదు, వెనక కూర్చున్నవారికీ తప్పనిసరి. దీన్ని పాటించకపోతే సెక్షన్ 194డి కింద శిక్ష కూడా అంతే.

లెర్నర్ లైసెన్సుతో మోటారు సైకిలు నేర్చుకుంటున్నవారు వెనక శిక్షకుడిని తప్ప మరెవరినీ ఎక్కించుకోకూడదు. కనుక ఇంటర్ చదివే పక్కింటి కుర్రవాడు బండి ఆపినప్పుడు ముందు అడగవలసింది లైసెన్సు సంగతి. బండి టాపు మీద, ఫుట్‌బోర్డు మీద ప్రయాణించడాన్ని సెక్షన్ 123 నిషేధించింది. ప్రమాదకరమైన చోట వాహనాన్ని నిలపకూడదని సెక్షన్ 122 చెబుతుంది. కాబట్టి మలుపులో, వంతెన మీద, ఎత్తు దిగేచోట నిలబడి చెయ్యి ఎత్తితే ఆపే డ్రైవరును మీరే తప్పులోకి దించినట్లవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
(అ) పర్మిట్ అవసరమా కాదా అన్నది దేనిమీద ఆధారపడి ఉంటుంది?
(ఆ) వెనక కూర్చున్నవారికి హెల్మెట్ తప్పనిసరి అని చెప్పే సెక్షన్ ఏది?

4. బీమా రక్షణ ఎవరికి ఉంటుంది?

ఈ పాఠంలో మీరు అన్నిటికన్నా శ్రద్ధగా చదవవలసిన విభాగం ఇది. 'బండికి ఇన్సూరెన్సు ఉంది' అన్న మాట విని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ ఇన్సూరెన్సు ఎవరి కోసం అన్నదే అసలు ప్రశ్న.

సెక్షన్ 146 ప్రకారం ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా ఉండాలి. వాహనం వల్ల బయటివారికి జరిగే నష్టాన్ని ఇది భరిస్తుంది. డబ్బు ఇవ్వకుండా అదే వాహనంలో కూర్చున్న వ్యక్తిని న్యాయస్థానాలు ఉచిత ప్రయాణికుడు అంటాయి. ఇతడికి రక్షణ ఉందా అన్నది వాహనాన్నిబట్టి మారుతుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. బెల్లంకొండ నుంచి సత్తెనపల్లికి పరీక్ష రాయడానికి వెళ్ళవలసిన ఒక విద్యార్థినికి బస్సు తప్పిపోయింది. ఆమె ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది, తెలిసినవారి మోటారు సైకిలు. బండికి థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే, నడిపేవారి తప్పువల్ల ప్రమాదం జరిగినప్పుడు వెనక కూర్చున్న ఉచిత ప్రయాణికుడికి బీమా సంస్థ బాధ్యత వహించదని సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పింది. మన వాళ్ళు 'ఫుల్ ఇన్సూరెన్సు' అని పిలిచే ప్యాకేజీ పాలసీ ఉంటే వెనక కూర్చున్నవారికీ రక్షణ ఉంటుందని 2012లో స్పష్టం చేసింది. కొత్త బండి కొన్నప్పుడు ప్యాకేజీ పాలసీ తీసుకుని, తరవాత కొద్ది డబ్బు మిగులుతుందని థర్డ్ పార్టీకి మారేవారు చాలామంది. ఆ మార్పువల్ల రక్షణ కోల్పోయేది వెనక కూర్చునే భార్య, బిడ్డ, స్నేహితుడు.

రెండవది, సొంత కారులో వెళ్తున్నవారు ఇచ్చే లిఫ్ట్. 2012 తీర్పులోని సూత్రమే దీనికీ వర్తిస్తుంది. ప్యాకేజీ పాలసీ ఉంటే లోపల కూర్చున్నవారికి రక్షణ ఉంటుంది.

మూడవది, లారీ లేదా ట్రాక్టరు. గూడ్సు వాహనం సరుకుల కోసం. అందులో ఎక్కిన ఉచిత ప్రయాణికుడికి కూడా బీమా సంస్థ పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1999లో ఒక కేసులో అన్నా, 2002 డిసెంబరులో విస్తృత ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. 1994 సవరణ తరవాత సరుకు యజమానికి, లేదా అతడి తరఫున సరుకు వెంట వెళ్ళే వ్యక్తికి మాత్రం రక్షణ ఉంది. అంటే తన మిర్చి టిక్కీలతో గుంటూరు యార్డుకు వెళ్తున్న రైతుకూ, అదే లారీలో ఊరికే ఎక్కిన విద్యార్థికీ చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది. ట్రాక్టరు ట్రక్కు మీద వెళ్తూ గాయపడిన ఒక కూలీ విషయంలో 2007లో సుప్రీంకోర్టు, బీమా సంస్థకు చట్టరీత్యా బాధ్యత లేదంటూనే, తన ప్రత్యేకాధికారంతో ముందు పరిహారం చెల్లించి తరవాత యజమాని నుంచి రాబట్టుకోమంది. అది ఆ కేసుకు చూపిన దయ. ప్రతి కేసులోనూ దొరుకుతుందని అనుకోకూడదు.

ఇది పుస్తకాల్లోని సంగతి మాత్రమే కాదు. 2025 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర మిర్చికోతల కూలీలు ప్రయాణిస్తున్న ట్రాక్టరు బోల్తాపడి నలుగురు స్త్రీలు మరణించారు. కోతల కాలంలో ట్రక్కు నిండా మనుషులతో వెళ్ళే ట్రాక్టరు మనకు నిత్యం కనిపించే దృశ్యం. ట్రక్కులో సీటు లేదు, బెల్టు లేదు, పట్టుకోవడానికి అంచు తప్ప ఏమీ లేదు. ప్రమాదంలో మొదటి దెబ్బ మనిషికి తగిలితే, పాలసీలో ఏముందో చూసినప్పుడు రెండవ దెబ్బ కుటుంబానికి తగులుతుంది.

నాలుగవది, బస్సు లేదా పర్మిట్ ఉన్న ఆటో. టిక్కెట్టు లేదా కిరాయి ఇచ్చి వెళ్ళే ప్రయాణికుడికి బీమా తప్పనిసరి. అయితే ఆటోలో పరిమితికి మించి ఎక్కితే పరిస్థితి మారుతుంది. పర్మిట్‌లో ఎందరు ప్రయాణికులని ఉందో అందరి మేరకే బీమా సంస్థ బాధ్యత అని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మొత్తాన్నే గాయపడిన అందరికీ దామాషాలో పంచవలసి వస్తుంది. మిగిలినది యజమాని నుంచి రావాలి. ఆటోలో అదనంగా ఎక్కిన ప్రతి మనిషీ మిగిలినవారి రక్షణలో వాటా తీసుకుంటున్నట్లే.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, బీమా సంస్థ బాధ్యత తప్పినంత మాత్రాన యజమాని, డ్రైవరు బాధ్యత తప్పదు. కాని రెండెకరాల రైతు నుంచో, చిన్న లారీ యజమాని నుంచో లక్షల పరిహారం రాబట్టడం ఎంత కష్టమో మీరే ఊహించవచ్చు. రెండు, తప్పు ఎదుటి వాహనానిదైతే ఆ వాహనానికి మీరు బయటివారే. అప్పుడు దాని థర్డ్ పార్టీ బీమా మీకు వర్తిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
(ఇ) సరుకు యజమానికీ ఉచిత ప్రయాణికుడికీ గూడ్సు వాహనంలో బీమాపరంగా తేడా ఏమిటి?
(ఈ) ప్యాకేజీ పాలసీవల్ల వెనక కూర్చున్నవారికి కలిగే ప్రయోజనం ఏమిటి?

5. ప్రయాణంలో భద్రత

'తెలిసినవాడే కదా' అన్నది మనం లిఫ్ట్ విషయంలో పెట్టుకున్న మొదటి కొలత. ఈ కొలత చాలదని తెలంగాణలోని హాజీపూర్ ఉదంతం బాధాకరంగా తెలియజేసింది. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని ఆ గ్రామానికి అప్పట్లో బస్సు లేదు. బడి నుంచి పిల్లలు నడిచి రావలసి వచ్చేది. అదే గ్రామానికి చెందిన ఒక వ్యక్తి బండి మీద లిఫ్ట్ ఇస్తానని నమ్మించి ముగ్గురు బాలికలను బలిగొన్న విషయం 2019 ఏప్రిల్‌లో బయటపడింది. 2020 ఫిబ్రవరి 6న నల్గొండ న్యాయస్థానం అతడికి మరణశిక్ష విధించింది. అతడు అపరిచితుడు కాదు. అపాయానికి దారి ఇచ్చింది ఊరికి రవాణా లేకపోవడం, పిల్లలు ఏ బండి ఎక్కారో ఎవరికీ తెలియకపోవడం.

దీన్నిబట్టి పిల్లలను ఒంటరిగా లిఫ్టు మీద ఆధారపడనివ్వకూడదని స్పష్టమవుతుంది. పెద్దలు పాటించవలసిన జాగ్రత్తలు ఇవి:

లిఫ్ట్ అడిగేవారు:
• పదిమంది మసలే చోట, వెలుతురులో, రోడ్డు అంచుకు దిగువన నిలబడాలి.
• ఎక్కేముందే బండి నంబరు ఇంటికి ఫోనులో చెప్పాలి లేదా ఫొటో తీసి పంపాలి. ఇది నడిపేవారికి తెలిసేలా చెయ్యడం మర్యాద తక్కువేమీ కాదు.
• మద్యం వాసన ఉన్నా, అప్పటికే ఇద్దరు ఉన్నా, వద్దనాలి. 'ఏమనుకుంటారో' అన్న మొహమాటం పనికిరాదు.
• చీర కొంగు, చున్నీ దగ్గరికి చుట్టుకుని కూర్చోవాలి. బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రానికి సగం మేరకైనా కవచం, చేతిపట్టు, కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టులు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 123వ నియమం చెబుతుంది. కొందరు అందం కోసం ఆ కవచాన్ని తీసేస్తారు. అలాంటి బండి ఎక్కకండి.
• దారి మారినట్లనిపిస్తే జనం ఉన్నచోట ఆపమనాలి. ఆపకపోతే 112కు ఫోను చెయ్యాలి.

లిఫ్ట్ ఇచ్చేవారు:
• లైసెన్సు, బీమా కాగితాలు ఉండాలి. పాలసీ ఏ రకమో తెలిసి ఉండాలి.
• రెండో హెల్మెట్ ఒకటి బండికి తగిలించి ఉంచుకోవడం మంచి అలవాటు.
• ఎక్కినవారి చేతిసంచిలో ఏముందో తెలియదు కనుక సంచులు, పార్సిళ్ళు మాత్రమే ఇచ్చి 'ఫలానాచోట ఇవ్వండి' అంటే ఒప్పుకోకూడదు.
• మీకు అనుమానం కలిగితే ఆపకుండా వెళ్ళే స్వేచ్ఛ మీకుంది. లిఫ్ట్ మంచితనమే గాని చట్టపరమైన విధి కాదు.

స్త్రీల విషయంలో పరిస్థితి కొంత మారింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం లభిస్తోంది. డబ్బులేక లిఫ్ట్ అడిగే అవసరం తగ్గింది. కాని టిక్కెట్టు ఉచితమైనా ఊరికి బస్సు వస్తేనే ప్రయోజనం. బస్సు కోసం గ్రామసభలో తీర్మానం చేయించి డిపో మేనేజరుకు అర్జీ పెట్టడం కూడా భద్రతా చర్యే.

6. ప్రమాదం జరిగినప్పుడు

ముందుగా 108కి, పోలీసు సహాయానికి 112కు ఫోను చెయ్యండి. గాయపడినవారిని సొంత బండిలో ఆసుపత్రికి చేర్చడానికి కేసుల భయంతో వెనకాడేవారు ఉన్నారు. ఆ భయం ఇక అక్కరలేదు. సుప్రీంకోర్టు 2016లో ఆమోదించిన మార్గదర్శకాలకు తోడు, 2019 సవరణతో సెక్షన్ 134ఎ చేరింది. సదుద్దేశంతో సహాయం చేసినవారి మీద సివిలు, క్రిమినలు బాధ్యత ఉండదు. తన పేరు, చిరునామా చెప్పమని వారిని నిర్బంధించకూడదు. ఇది చట్టం పూర్తిగా అండగా నిలిచే లిఫ్ట్.

2025లో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేర చికిత్స లభిస్తుంది. గుద్దిన బండి దొరకకపోతే సెక్షన్ 161 కింద మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేల రూపాయలు పరిహారం ఉంది. మిగిలిన సందర్భాలలో సెక్షన్ 166 కింద మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో దావా వెయ్యాలి. చట్టంలో దీనికి ఆరు నెలల గడువు ఉంది. మీరు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, వైద్య పత్రాలు, బండి బీమా పాలసీ నకలు తప్పక సంపాదించండి.

7. సారాంశం

లిఫ్ట్ అడగడం, ఇవ్వడం నేరాలు కావు. డబ్బు చేతులు మారినప్పుడు అది కిరాయి ప్రయాణమై పర్మిట్ ప్రశ్న వస్తుంది. ద్విచక్ర వాహనం మీద ఒక్కరినే ఎక్కించుకోవాలి. ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి. ప్యాకేజీ పాలసీ ఉన్న బండిలో ఉచిత ప్రయాణికుడికి రక్షణ ఉంటుంది. గూడ్సు వాహనంలో ఉండదు. ఎక్కేముందు నడిపే మనిషిని చూసుకున్నట్లే బండినీ చూడాలి. మీరు బండి యజమానులైతే ఈ పాఠం ముగించి చెయ్యవలసిన మొదటి పని, ఇంట్లో ఉన్న పాలసీ కాగితం తీసి అది ఏ రకమో చదవడం.

8. ముఖ్య పదాలు

ఉచిత ప్రయాణికుడు: కిరాయి, ప్రతిఫలం ఇవ్వకుండా వాహనంలో ప్రయాణించే వ్యక్తి.
థర్డ్ పార్టీ బీమా: వాహనం వల్ల బయటివారికి కలిగే నష్టానికి రక్షణ ఇచ్చే తప్పనిసరి బీమా.
ప్యాకేజీ పాలసీ: థర్డ్ పార్టీ రక్షణతోపాటు వాహనానికి, అందులోనివారికి కూడా రక్షణ ఇచ్చే బీమా.
గూడ్సు వాహనం: సరుకుల రవాణాకు మాత్రమే ఉద్దేశించిన వాహనం.

9. మాదిరి ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లిఫ్ట్‌కూ కిరాయి ప్రయాణానికీ గల తేడాను మోటారు వాహనాల చట్టం ఆధారంగా వివరించండి.
2. వాహనాన్నిబట్టి ఉచిత ప్రయాణికుడి బీమా రక్షణ ఎలా మారుతుందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సెక్షన్ 134ఎ ఉద్దేశం ఏమిటి?
2. మీ ఊరి నుంచి పరీక్షా కేంద్రానికి వెళ్ళే దారిలో లిఫ్ట్ అవసరం ఎక్కడ వస్తుందో గమనించి, దాన్ని తగ్గించడానికి ఒక సూచన రాయండి.